బతుకమ్మ పూలు మన పెరట్లోనే: న్యూజెర్సీలో ఏవి ఎప్పుడు విత్తాలి?

అత్తమ్మ మా ఇంటికి వచ్చిన ఏడాది, దుకాణంలో కొన్న గులాబీలు, కార్నేషన్లతో బతుకమ్మను పేర్చాను. ఆమె తప్పు పట్టలేదు. తాంబాలం చుట్టూ ఒకసారి చూసి, "గునుగు దొరకలేదా బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఆ మరుసటి ఏడు నుంచి పెరట్లో ఒక మడిని పండగకే వదిలేస్తున్నాను. నాలుగేళ్లలో చాలా తప్పులే చేశాను.

ముందు క్యాలెండర్ చూసుకోవాలి. ఎంగిలిపూల బతుకమ్మ 2025లో సెప్టెంబర్ 21న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల అది అక్టోబర్ 10కి జరిగింది. వరంగల్‌లో ఈ తేడా పెద్ద లెక్క కాదు. ఇక్కడ మాత్రం అక్టోబర్‌లో నీళ్లు గడ్డకట్టే చలి ఏ రాత్రైనా దిగొచ్చు. బంతి, గునుగు ఒక్క రాత్రికే నల్లబడిపోతాయి. కాబట్టి పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని విత్తాలి.

గునుగు విత్తనాలు ఇక్కడ సెలోషియా పేరుతో అమ్ముతారు. కోడిజుట్టులా ముద్దగా ఉండేది కాదు, గోధుమ కంకిలా సన్నగా నిలబడే రకం తీసుకోండి. మొదటి ఏడు తొందరపడి ఏప్రిల్‌లోనే కిటికీ దగ్గర మొలిపించి, మే మొదట్లో బయట నాటాను. చలికి బెదిరి జానెడు ఎత్తులోనే కంకి వేసి ఆగిపోయాయి. ఇప్పుడు జూన్ మొదటి వారంలో, నేల వెచ్చబడ్డాక, నేరుగా మడిలోనే చల్లుతున్నాను. విత్తనం ఆవగింజ కంటే చిన్నది, పైన మన్ను కప్పీ కప్పనట్టు ఉంటే చాలు. మొలిచాక జానెడు దూరం ఉండేలా పీకేయాలి. పీకడానికి మనసు రాదు, కానీ తప్పదు.

బంతిలో పొడుగు రకాన్ని ఇక్కడ ఆఫ్రికన్ మారిగోల్డ్ అంటారు. నిజానికి దాని పుట్టిల్లు మెక్సికో. మేలో నర్సరీల్లో పూలతో సహా అమ్మే పొట్టి మొక్కలు పండగ నాటికి అలసిపోతాయి. జూన్ పదో తేదీ అటూ ఇటూగా విత్తి, జానెడు పెరిగాక ఒకసారి తల తుంచితే కొమ్మలు వేస్తుంది. నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకులే తప్ప పూలుండవు.

చేమంతి నాకు నేర్పిన పాఠం వేరు. ఒకే మొక్క నుంచి తీసిన కొమ్మలను కొన్ని పెరటి వైపు, కొన్ని గరాజ్ పక్కన నాటాను. పెరటివి విరగబూశాయి. గరాజ్ పక్కనవి అక్టోబర్ చివరికి కూడా మొగ్గ తొడగలేదు. నీళ్లు తక్కువయ్యాయనుకున్నాను, ఎరువు వేశాను. అసలు కారణం రాత్రంతా వెలిగే గరాజ్ లైటు. చేమంతి మొగ్గ కట్టాలంటే తెంపు లేని పొడవైన చీకటి కావాలి. మొక్కలు పగలూ రాత్రీ నిడివిని బట్టి పూస్తాయని గార్నర్, అల్లార్డ్ 1920లో ప్రకటించారు, అదీ ఈ అమెరికాలోనే. డిగ్రీలో మార్కుల కోసం బట్టీ పట్టిన ముక్క, పదిహేనేళ్లకు గరాజ్ ముందు అర్థమైంది. లైటు పడని చోట నాటండి. జూలై మధ్య దాటాక తల తుంచడం ఆపేయండి.

తంగేడు మా చలికి బయట బతకదు. ఆ పసుపు కోసం సెప్టెంబర్‌లో పూసే గోల్డెన్‌రాడ్‌ను పెరటి మూలన పెంచుతున్నాను. ఇది ఇక్కడి మొక్కే, కాస్త అల్లుకుపోతుంది. పార్కుల్లో మాత్రం కోయకండి.

ఊరి నుంచి విత్తనాలు చీర మడతల్లో పెట్టి తెచ్చే అలవాటు మానుకుందాం. కాగితాలు లేని విత్తనాలను, డిక్లేర్ చేసినా సరే, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. దాచి దొరికితే జరిమానా కూడా. అవసరమైన రకాలన్నీ ఇక్కడి ప్యాకెట్లలోనే దొరుకుతున్నాయి.

పండగ అక్టోబర్‌లో పడ్డ ఏడు, చలి వస్తుందని ఫోన్‌లో చూడగానే గునుగు కంకులన్నీ కోసి గరాజ్‌లో తలకిందులుగా వేలాడదీయండి. ఎండినా ఆకారం చెడదు. రంగు కాస్త వెలిసినా ఫర్వాలేదు, గునుగుకు రంగులద్దడం మనకు ఎలాగూ అలవాటే. కింద ఒక పేపర్ పరవండి, రాలిన నల్లటి గింజలు వచ్చే జూన్‌కు పనికొస్తాయి.