పాత డ్రిల్ ప్రెస్సు ఎంపిక

డ్రిల్ ప్రెస్సు అనేది లోహము, కొయ్య, ప్లాస్టిక్ వంటి వాటిలో నిటారుగా బెజ్జాలు వేయుటకు ఉపయోగించే యంత్రము. మన ఐ.టి.ఐ. వర్క్‌షాపులలో బల్లపై అమర్చే చిన్నదానిని బెంచి డ్రిల్లింగ్ మిషన్ అనీ, నేలపై నిలబడే పెద్దదానిని పిల్లర్ డ్రిల్లింగ్ మిషన్ అనీ అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1930ల నుండి 1960ల వరకు తయారైన ఇటువంటి యంత్రాలు అనేకం నేటికీ ఇండ్లలోని చిన్న వర్క్‌షాపులలో పనిచేస్తున్నాయి. వాటిని వెదకి కొనేవారు అక్కడ చాలామంది ఉన్నారు. ఈ వ్యాసములో అటువంటి పాత యంత్రాన్ని కొనేముందు పరిశీలించవలసిన విషయాలు ఇవ్వబడినవి. పైకి కనిపించే తుప్పు, వెలిసిన రంగు కొనేవారిని భయపెడతాయి. కాని అసలు నష్టం సాధారణంగా లోపల, స్పిండిల్ వద్ద ఉంటుంది.

నిర్మాణము

పోత ఇనుప పీఠం, దానిపై ఉక్కు గొట్టపు స్తంభం, స్తంభం వెంబడి పైకీ కిందికీ జరిగే బల్ల, అన్నిటికంటె పైన తల - ఇవి ముఖ్య భాగాలు. తల వెనుకనున్న మోటారు మెట్ల పుల్లీల మీదుగా వి-బెల్టుతో స్పిండిల్‌ను తిప్పుతుంది. స్పిండిల్ క్విల్ అనే ఉక్కు తొడుగులో బేరింగులపై తిరుగుతుంది. పిడి తిప్పినప్పుడు క్విల్ కిందికి దిగుతుంది, వదలినప్పుడు చుట్ట స్ప్రింగు దానిని పైకి లాగుతుంది. స్పిండిల్ చివర చక్, అందులో డ్రిల్ బిట్టు బిగిస్తారు.

యంత్రం పరిమాణమును అమెరికాలో అంగుళాలలో చెబుతారు. 14 అంగుళాల యంత్రము అంటే స్పిండిల్ మధ్య నుండి స్తంభం అంచుకు 7 అంగుళాల దూరం ఉన్నదని అర్థం. 14 అంగుళాల వెడల్పు గల పలక నడిమధ్యన బెజ్జం వేయవచ్చును. ఈ సంఖ్యకు, యంత్రం ఎత్తుకు సంబంధం లేదు.

తయారీదారులు

1919లో మిల్వాకీ నగరంలో మొదలైన డెల్టా సంస్థ ఇంటి వర్క్‌షాపుల కొరకు తేలికైన యంత్రాలు తయారు చేసి పేరు పొందింది. 1945లో దానిని రాక్‌వెల్ సంస్థ కొన్నది. అందువలన తరువాతి యంత్రాలపై రాక్‌వెల్ పేరు కూడా కనబడుతుంది. న్యూజెర్సీలోని వాకర్-టర్నర్, మిచిగాన్‌లోని అట్లాస్, సియర్స్ దుకాణాలలో అమ్ముడైన క్రాఫ్ట్స్‌మన్ ఇతర ప్రసిద్ధ పేర్లు. ఏ పేరైనప్పటికీ, దశాబ్దాలపాటు ఎవరి చేతిలో ఎలా నడిచినదన్నదే ముఖ్యం.

వేగాలు

కొనేవారు తరచుగా మరచిపోయే విషయం ఇదే. నాలుగు మెట్ల పుల్లీ గల అనేక 14 అంగుళాల యంత్రాలలో అతి తక్కువ వేగం నిమిషానికి సుమారు 700 చుట్లు, అత్యధికం 4,500కు పైన. ఇవి కొయ్యపనికి అనువైనవి. మెత్తని ఉక్కును హైస్పీడ్ స్టీల్ బిట్టుతో కోయునప్పుడు బిట్టు అంచు నిమిషానికి సుమారు 25 మీటర్ల వేగంతో కదలడం మంచిది. ఆ లెక్కన 6 మిల్లీమీటర్ల బిట్టుకు సుమారు 1,300 చుట్లు, 12 మిల్లీమీటర్లకు 660, 20 మిల్లీమీటర్లకు 400 చుట్లు కావలెను. అనగా 700 చుట్లకు దిగని యంత్రం ఉక్కులో అర అంగుళం వరకే సుఖంగా పనిచేస్తుంది. అంతకు మించి వేస్తే బిట్టు అంచు వేడెక్కి మొద్దుబారుతుంది. లోహపు పని చేయదలచినవారు మధ్య పుల్లీ ఉన్న యంత్రాన్ని గాని, వేగం తగ్గించే అదనపు అమరిక గలదానిని గాని వెదకవలెను.

స్పిండిల్ పరీక్ష

ముందుగా బెల్టు తీసి స్పిండిల్‌ను చేతితో తిప్పి చూడవలెను. గరగర శబ్దం వస్తే బేరింగులు అరిగినట్లు. ఇది పెద్ద దోషం కాదు. వాటిని మార్చవచ్చును, సంఖ్య చాలావరకు బేరింగు మీదనే చెక్కి ఉంటుంది. తరువాత క్విల్‌ను పూర్తిగా కిందికి దించి, చక్‌ను పట్టుకొని ముందుకూ వెనుకకూ ఊపవలెను. టకటకలాడితే క్విల్ గాని, అది జారే తల లోపలి రంధ్రం గాని అరిగినదని అర్థం. కొన్ని నమూనాలలో తల పోతలో చీలిక ఉండి, మర బిగించి ఈ వదులును కొంత తగ్గించవచ్చును. ఆ వీలు లేని యంత్రంలో మరమ్మత్తు ఖర్చు యంత్రం ధరను మించిపోవచ్చును.

అటు పిమ్మట డయల్ గేజితో రనౌట్ చూడవలెను. (ఇది క్రికెట్‌కు సంబంధించినది కాదు, తిరిగేటప్పుడు కేంద్రం పక్కకు తప్పే కొలత.) చక్‌లో నున్నని కడ్డీ బిగించి కొలిస్తే అంగుళంలో వెయ్యింట రెండు మూడు వంతుల తేడా కొయ్యపనికి లెక్కలోనిది కాదు. అంతకంటె చాలా ఎక్కువ వస్తే చక్ తీసివేసి స్పిండిల్ మీదనే తిరిగి కొలవవలెను. తేడా చక్‌లో ఉంటే కొత్త చక్ తెచ్చుకొంటే సరిపోతుంది. స్పిండిలే వంగి ఉంటే ఆ బేరం వదులుకొనడం మేలు. ఈ రెండవ కొలత తీయకుండా మంచి యంత్రాలను తిరస్కరించినవారూ, చెడ్డవాటిని కొన్నవారూ ఉంటారు.

"దీనితో మిల్లింగ్ కూడా చేయవచ్చు" అని అమ్మేవారు అంటే నమ్మరాదు. చిన్న యంత్రాలలో చక్ ఎక్కువగా కోసుగా ఉన్న టేపరు మీద ఒరిపిడితోనే నిలిచి ఉంటుంది. పక్క నుండి తోపు తగిలితే తిరుగుతూనే ఊడిపడగలదు.

ఇతర భాగాలు

బల్లపై పొరపాటున పడిన బెజ్జాలు చూపుకే లోపం. పోత ఇనుములో పగులు మాత్రం నిజమైన లోపం. పాత నమూనాలు కొన్నింటిలో బల్లను ఎత్తే పళ్ళ కడ్డీ ఉండదు, బరువైన బల్లను చేతులతోనే ఎత్తవలెను. బెల్టు మూత, లోతు కొలిచే కడ్డీ వంటివి పోయి ఉంటే అదే నమూనాకు చెందిన మరొక పాత యంత్రం నుండి సంపాదించవలసి వస్తుంది.

మోటారు లేకపోయినా చింత లేదు, వేరొకటి అమర్చవచ్చును. ఫ్యాక్టరీల నుండి, పాఠశాలల నుండి వచ్చినవాటికి తరచు మూడు ఫేజుల మోటారు ఉంటుంది. ఇంటి కరెంటుతో అది నేరుగా నడవదు. రబ్బరు గట్టిపడి పగిలిన పాత తీగలను నడిపి చూచుటకు ముందే మార్చవలెను.

జాగ్రత్తలు

చుట్ట స్ప్రింగు డబ్బాను, స్ప్రింగు బిగువు సడలించకుండా విప్పితే అది విసురుగా విప్పుకొని చేతిని గాయపరుస్తుంది. అమెరికాలో ఇండ్లకు వేసే రంగులలో సీసం 1978లో నిషేధింపబడినది; అంతకు ముందరి యంత్రాల రంగులో కూడా సీసం ఉండవచ్చును గనుక పొడిగా గీకి దుమ్ము లేపరాదు. యంత్రం నడిచేటప్పుడు చేతి తొడుగులు ధరించరాదు. రేకు ముక్కను చేతితో పట్టుకొనక బల్లకు బిగించవలెను. బిట్టు రేకులో చిక్కుకొంటే రేకు కత్తివలె గిర్రున తిరుగుతుంది.

బరువంతా తలలో ఉండుటచేత నిలువుగా తరలిస్తే యంత్రం ఒరిగిపడుతుంది. తల, బల్ల, స్తంభం, పీఠం విడదీసి వేరువేరుగా తీసుకొని వెళ్ళడం మంచిది.

భారతదేశంలో వాడుక

అమెరికా నుండి సామానుతో పాటు ఇటువంటి యంత్రాన్ని తెచ్చుకొన్నవారు 115 వోల్టుల మోటారును ఇక్కడి 230 వోల్టులకు కలిపితే అది కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని సరిచేస్తుంది గాని ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడి 60 హెర్ట్జ్‌లకు 1,725 చుట్లు తిరిగే మోటారు ఇక్కడి 50 హెర్ట్జ్‌ల వద్ద సుమారు 1,440 మాత్రమే తిరుగుతుంది, పైగా ఎక్కువ వేడెక్కుతుంది. కనుక ఇక్కడి మోటారునే అమర్చడం ఉత్తమం. అప్పుడు బెల్టు మూతపై ముద్రించిన వేగాలన్నిటినీ ఆరింట ఒక వంతు తగ్గించి చదువుకొనవలెను. ఉక్కు పనికి ఈ తగ్గుదల మేలే చేస్తుంది.