రవికె గుడ్డ కత్తిరింపు: కొలతలు, జాగ్రత్తలు

తెలుగులోనూ కన్నడంలోనూ రవికె, తమిళంలో రవిక్కై. సరిహద్దుకు ఏ వైపున ఉన్నా దాని కత్తిరింపులో చిక్కు ఒక్కటే. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టవచ్చు. పట్టుచీరతో కలిపి నేసిన రవికె ముక్కలో కత్తెర తప్పితే మాత్రం, అదే రంగు, అదే అంచు గల ముక్క మళ్లీ దొరకడం కష్టం.

పడుగు, పేక

నేతగుడ్డలో నిలువు నూలు పడుగు, అడ్డు నూలు పేక. గుడ్డ సాధారణంగా పడుగు దిశలో తక్కువగా, పేక దిశలో కొంచెం ఎక్కువగా, ఐమూలగా అన్నిటికంటె ఎక్కువగా సాగుతుంది. మెడ వంపు చుట్టూ తిరగవలసిన పట్టీని ఐమూలగా కత్తిరించడానికి కారణం ఇదే. గుడ్డ కొస వంకరగా ఉంటే ఒక పేక నూలును లాగివేసి, ఆ జాడ వెంట కత్తిరించి సరిచేయాలి.

నూలు అస్తరును ముందుగా నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. లేకుంటే తొలి ఉతుకులోనే అది కుంచించుకొని పైగుడ్డ ముడతలు పడుతుంది.

కొలతలు

గజం 36 అంగుళాలు. మీటరు సుమారు 39.37 అంగుళాలు. పెద్దలు గజాలలో చెప్పిన లెక్కను మీటర్లుగా భావిస్తే గుడ్డ అంచనా మారిపోతుంది. ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలైతే, అందులో నాలుగవ వంతు 9 అంగుళాలు. దీనికి వదులును, కుట్టుకు విడిచే గుడ్డను చేర్చి గీత గీయాలి. ఒక్కొక్క పావు భాగంలో పావు అంగుళం తగ్గితే, మొత్తం చుట్టుకొలతలో ఒక అంగుళం తగ్గుతుంది. కొక్కేలు పట్టకపోవడానికి ఈ చిన్న లోపం చాలు.

కత్తిరింపు

చీర అంచు చేతుల చివరకు రావాలంటే మొదట చేతులకే చోటు కేటాయించాలి. రెండు చేతులను విడివిడిగా కత్తిరించేటప్పుడు రెండవదానికి నమూనాను తిరగవేయాలి; లేనిచో రెండూ ఒకే భుజానికి పనికివస్తాయి. గుడ్డను బల్లపై పరచి, ఎడమ చేతితో అదిమి, కత్తెర కింది అలుగును బల్లకు ఆనించి నడపాలి. గుడ్డను పైకెత్తితే కింది మడత జరిగిపోతుంది. గుడ్డ కత్తెరతో కాగితం కోయరాదు, పదును పోతుంది.

ముందుభాగపు చంక వంపు వెనుకభాగం కంటె కొంత లోతుగా ఉంటుంది. ఆ వంపును మొదట తక్కువగా కత్తిరించి, సరిచూసుకొని లోతు పెంచుకోవచ్చు. ఎక్కువగా తెగిన చంకను అతుకు లేకుండా సరిచేయడం సాధ్యం కాదు.