యెంకో కమారో

యెంకో కమారో (పూర్తి పేరు యెంకో సూపర్ కమారో) అమెరికాలో 1967 నుండి 1969 మోడల్ సంవత్సరాల వరకు అమ్మబడిన రెండు తలుపుల కారు. షెవ్రొలే సంస్థవారి కమారో దీనికి ఆధారం. మొదటి రెండేళ్ళు, కర్మాగారం బిగించిన ఇంజనును తీసివేసి దానికన్న పెద్దదైన 427 ఘనపు అంగుళాల (సుమారు 7 లీటర్ల) వి8 ఇంజనును అమర్చి దీనిని విక్రయించారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కానన్స్‌బర్గ్ పట్టణంలో షెవ్రొలే డీలరు, స్వయంగా కార్ల పందెగాడు అయిన డాన్ యెంకో ఈ కారుకు కారకుడు.

నేపథ్యం

ఫోర్డ్ సంస్థ 1964 ఏప్రిల్‌లో విడుదల చేసిన మస్టాంగ్ ఊహించని విజయం సాధించింది. దానికి పోటీగా షెవ్రొలే 1966 సెప్టెంబరులో కమారోను మార్కెట్లోకి తెచ్చింది. అయితే మాతృసంస్థ జనరల్ మోటార్స్ విధించుకొన్న ఒక నియమం దీనికి అడ్డు వచ్చింది. కార్వెట్‌ను మినహాయిస్తే, మధ్యతరహా, చిన్న కార్లలో 400 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను వాడరాదన్నది ఆ నియమం. అందువలన కమారో కొనదలచినవారికి 396 మాత్రమే గరిష్ఠ పరిమితి అయింది. అదే సంస్థ తన పెద్ద కార్లలో 427 ఇంజనును నిరభ్యంతరంగా అమ్ముతుండటం గమనార్హం. నియమం కర్మాగారానికే గాని డీలరుకు కాదు. యెంకో ఈ సందునే వాడుకొన్నాడు. చికాగోలోని నికీ షెవ్రొలే, న్యూయార్క్ సమీపంలోని బాల్డ్‌విన్-మోషన్ మొదలైనవారు కూడా ఇదే బాట పట్టారు.

ఇంజను మార్పిడి

వేరే ఇంజను బిగించడమంటే సాధారణంగా చట్రాన్ని కోయడం, కొత్త ఆధారాలు అతకడం వంటి పనులు ఉంటాయి. ఇక్కడ అవేవీ అవసరం కాలేదు. 396, 427 ఇంజన్లు ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటిలోనూ పిస్టను ప్రయాణించే దూరం 95.5 మిల్లీమీటర్లే. సిలిండరు వ్యాసం మాత్రం 104 నుండి సుమారు 108 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. ఎనిమిది సిలిండర్లలో ఆ నాలుగేసి మిల్లీమీటర్లే దాదాపు అర లీటరు తేడా తెస్తాయి. బయటి కొలతలు ఒకటే కావడంతో పాత ఆధారాలపైనే కొత్త ఇంజను కూర్చొంటుంది. ఎల్78 అనే 396 ఇంజను ప్రకటిత శక్తి 375 అశ్వశక్తి కాగా, దాని స్థానంలోకి వచ్చిన ఎల్72 శక్తి 425 అశ్వశక్తి.

1969 మోడల్

ఒక్కొక్క కారుకూ ఇంజను విప్పి బిగించడం శ్రమతోను, ఖర్చుతోను కూడిన పని. టాక్సీలు, పోలీసు వాహనాలు వంటి ప్రత్యేక అవసరాల కోసం షెవ్రొలేలో "కోపో" అనే ఆర్డరు పద్ధతి ఉండేది. 1969లో యెంకో ఆ మార్గంలో 427 ఇంజనును కర్మాగారంలోనే బిగింపజేసుకొన్నాడు. ఈ ఆర్డరు సంఖ్య 9561. ఇలా వచ్చిన సుమారు 200 కార్లకు ఆయన విక్రయశాలలో చారలు, "యెంకో సూపర్ కార్" అనే మాటల పొడి అక్షరాలు చేర్చారు. కచ్చితంగా చెప్పాలంటే ఈ ఏటి కార్లలో మార్పిడి అంటూ జరగలేదు. 9560 అనే మరో ఆర్డరుతో అల్యూమినియం దిమ్మె గల జెడ్ఎల్1 ఇంజనుతో 69 కమారోలు తయారయ్యాయి. వాటికి కారకుడు ఇల్లినాయ్ రాష్ట్రపు డీలరు ఫ్రెడ్ గిబ్.

1970 మోడళ్ళతో జనరల్ మోటార్స్ ఆ నియమాన్ని ఎత్తివేసింది. శక్తిమంతమైన కార్లపై బీమా రుసుము పెరిగిపోవడంతో యెంకో ఆ ఏడు 350 ఘనపు అంగుళాల ఇంజను గల నోవా కారును "డ్యూస్" పేరిట అమ్మాడు. ఆయన 1987లో విమాన ప్రమాదంలో మరణించాడు.

అసలు, నకలు

పాత కార్ల సేకర్తలు ఇంజనుపై చెక్కిన సంఖ్యలు కారు సంఖ్యతో సరిపోవాలని కోరుకొంటారు. ఇంజను మారిన కారుకు విలువ తగ్గుతుంది. 1967, 1968 యెంకో కార్ల విషయం ఇందుకు పూర్తిగా విరుద్ధం. వీటిలో కర్మాగారపు ఇంజనే ఉంటే అది యెంకో కారు కానట్లే. అయితే 427 ఇంజను సంపాదించి ఏ కమారోలోనైనా బిగించవచ్చు కనుక నకళ్ళు తయారుచేయడం సులభం. ఈ కార్లు వేలంలో సాధారణ కమారోల కన్న ఎన్నో రెట్లు పలుకుతాయి. కాబట్టి ఇంజనును చూసి నిర్ణయానికి రాకుండా, విక్రయశాల నాటి రసీదులు, కొన్ని కార్లకు యెంకో బిగించిన సంఖ్యా ఫలకం, యజమానుల వరుస వంటి ఆధారాలను పరిశీలిస్తారు.