‘రెడ్ శాండర్స్’లో శాండర్స్ ఎవరు?

అటవీశాఖ వేలం ప్రకటనల్లో మన ఎర్రచందనాన్ని ‘రెడ్ శాండర్స్’ అంటారు. శాండర్స్ ఎవరో తెల్లదొర అనిపిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. తిరుపతిలో అమ్మే ఎర్రచందనం బొమ్మను సానరాయి మీద రెండు చుక్కల నీళ్లతో అరగదీసి చూడండి. రాయంతా ఎర్రబడుతుంది, శ్రీగంధం వాసన మాత్రం రాదు. ఈ చెట్టు వేగిసకు చుట్టం, శ్రీగంధానికి కాదు. మరి చందనమెలా అయింది?

మొదటి ఆధారం వంటింట్లో దొరికింది. ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు 1390 ప్రాంతంలో కూర్చిన ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’లో, వంటకాలకు ఎర్రరంగు తెచ్చే దినుసు పేరు శాండర్స్. వాస్కో డ గామా 1498లో మన తీరానికి రావడానికి వందేళ్ల ముందు మాట అది. కనుక దొర లేడు.

రెండోది ‘ర’. పాత ఫ్రెంచిలో ఈ మాటకు ‘ల’తో ఒక రూపం, ‘ర’తో ఒక రూపం ఉండేవి. శాండల్‌వుడ్‌లో మొదటిది నిలిచింది, శాండర్స్‌లో రెండోది. తొడుక్కునే శాండల్ మాత్రం వేరే మాట.

మూడోది ‘స’. పారసీకంలో ఇది ‘చందల్’. అరబ్బీలో ‘చ’ లేదు, అందుకే అక్కడ ‘సందల్’ అయింది. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా వర్తకుడు కాస్మాస్ సింహళానికి చేరే సరుకుల్లో దీన్ని గ్రీకులో ‘త్జందన’ అని రాశాడు. చివరి ‘న’ చెక్కుచెదరలేదు. అదే మన ‘చందన’.

మరి చందనం ఎక్కడిది? ఆహ్లాదమనే అర్థమున్న ‘చది’ ధాతువు నుంచి వచ్చిందని సంస్కృత వ్యుత్పత్తి. ద్రావిడ మూలమని బరో వంటి భాషావేత్తల మాట. తమిళంలో ‘చాందు’ అంటే గంధపు ముద్ద. తెలుగులో ‘చాదడం’ అంటే అరగదీసి ముద్ద చేయడం, చాదుబొట్టులోనూ ఉన్నది అదే.

నాకు రెండోదే సబబనిపిస్తుంది, ఎందుకంటే రెండో చిక్కూ దాంతోనే విడిపోతుంది. పేరు వాసనది కాదు, చాదే పనిది. అందుకే వాసన లేని చెక్కా చందనమే అయింది. పేరు ఇన్ని భాషలు తిరిగినా, ఎర్రచందనం చెట్టు మాత్రం తూర్పు కనుమల దక్షిణ భాగంలో, మన శేషాచలం చుట్టుపక్కల తప్ప లోకంలో ఇంకెక్కడా తనంతట తాను మొలవదు.