ఊపిరి పోసిన చేతులు

యంత్రాల చరిత్రను కనిపెట్టినవారి పేర్లతోనే ముగించడం నాకు సమ్మతం కాదు. 1928లో బోస్టన్‌లో డ్రింకర్, షాల ఉక్కు ఊపిరితిత్తి మొదటిసారి ఒక పోలియో రోగికి ఊపిరాడించింది. రోగిని మెడదాకా పెట్టెలో ఉంచి, లోపలి గాలి ఒత్తిడిని తగ్గిస్తూ పెంచుతూ రొమ్మును ఆడించడం దాని పని. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో చెలరేగినప్పుడు బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో అటువంటి పెట్టె ఒక్కటే ఉంది. శ్వాసయంత్రాల సాయం పొందిన మొదటి 31 మందిలో 27 మంది మరణించారు. అప్పుడు డాక్టరు ఇబ్సెన్ శ్వాసనాళంలో గొట్టం అమర్చి, రబ్బరు సంచితో గాలి పంపే పద్ధతి చూపాడు. ఆ సంచిని రాత్రింబగళ్ళు వంతులవారీగా నొక్కినవారు దాదాపు 1500 మంది విద్యార్థులు. మరణాల శాతం సగానికి పైగా తగ్గింది. యంత్రం చాలని చోట నిలిచిన ఆ చేతులను చేర్చనిదే ఈ చరిత్ర పూర్తి కాదంటాను.