నది ఆగిన చోట

2015 జనవరి. బెంగళూరులో పదిహేను డిగ్రీలకు పడితేనే వణికిపోయే కుర్రాళ్లు ఉన్ని టోపీలు, గమ్‌బూట్లు సర్దుకుని లేహ్‌ విమానం ఎక్కే రోజులు. లద్దాఖ్‌లో జన్‌స్కార్‌ నది గడ్డకట్టింది. దాని మీద నడిపించే చాదర్‌ ట్రెక్‌కు బెంగళూరు సంస్థ ఇండియాహైక్స్‌ కూడా జనాన్ని తీసుకెళ్లేది.

చిల్లింగ్‌ ఊరు దాటాక అప్పట్లో నదే దారి. రాత్రి మైనస్‌ 25 దాకా పడిపోతుంది. ముందు నడిచే జన్‌స్కారీ మనిషి కర్రతో మంచును తట్టి, ఆ చప్పుడు విని అడుగేస్తాడు. వెనకవాళ్లు పాదం ఎత్తకుండా జారుస్తూ పోవాలి. నేరక్‌ దగ్గర జలపాతం దూకుతూ దూకుతూనే గడ్డకట్టి ఉంటుంది. రాతిగోడల నుంచి మంచు మర్రి ఊడల్లా దిగుతుంది. పట్నంవాళ్ల ఫొటోలన్నీ అక్కడే. జన్‌స్కార్‌వాళ్లకు మాత్రం అది లేహ్‌లో వెన్న అమ్ముకోవడానికి, పిల్లల్ని బడికి చేర్చడానికి తాతలనాటి బాట.

ఆ చలికాలం నది ఎగువన ఇంకో కథ మొదలైంది. 2014 డిసెంబరు 31న పదుం ఊరికి ఎగువన కొండ విరిగి ఫుక్తల్‌ నదిలో పడింది. జన్‌స్కార్‌లో కలిసే ఉపనది అది. రాళ్లు, మట్టి అడ్డుకట్టగా నిలిచాయి. వెనక నీళ్లు చేరి సరస్సయింది. చలికాలంలో మనిషి చేరడమే గగనం. దాని కొలతలు తీసింది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రం, ఉపగ్రహ చిత్రాలతో. ఆ ఉపగ్రహాలను అదుపు చేసేది బెంగళూరు పీణ్యాలోని ఇస్రో కేంద్రం. మంచు మీద నడుస్తున్న బెంగళూరువాళ్ల తలమీది ప్రమాదాన్ని కనిపెట్టే ఉపగ్రహాలను వాళ్ల ఊరి నుంచే నడిపిస్తున్నారన్నమాట!

కట్ట తెగితే ఆ ఇరుకు లోయలో పరుగెత్తి ఎక్కే చోటు లేదు, రెండు వైపులా నిటారు గోడలే. లేహ్‌ అధికారులు ట్రెక్‌ ఆపేశారు. సెలవు దొరక్క దొరక్క దొరికినవాళ్లు గొణుక్కునే ఉంటారు. గొణగనీ.

సైనికులు, విపత్తు నిర్వహణ నిపుణులు ఆ చలిలోనే కట్ట మీద కాలువ తీశారు. నీళ్లు కొంత కదిలాయి, సరస్సు మాత్రం పెరుగుతూనే పోయింది. ఎండలకు మంచు కరిగాక, మే 7న కట్ట తెగింది. దిగువన వంతెనలు వరుసగా కొట్టుకుపోయాయి. జనాన్ని ముందే అప్రమత్తం చేయడంతో ప్రాణనష్టం జరగలేదు. చలికాలంలో మంచే దారిగా ఉన్న ఆ ఊళ్లకు, మిగతా నెలల్లో నది దాటించేవి ఆ వంతెనలే.