మూడు పట్టణముల సేవాసంఘములు



హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గముపై మొదట సూర్యాపేటయు, పిదప కోదాడయు తగులును. మిర్యాలగూడ ఆ మార్గమునకు దక్షిణమున, వరిపొలముల నడుమ, బియ్యపు మిల్లులతో నిండియుండును. మూడును చిరకాలము నల్లగొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట వేఱు జిల్లా కాగా కోదాడ దానితో పోయినది. మిర్యాలగూడ నల్లగొండతోనే నిలిచినది. జిల్లాలు వేఱైనను ఈ మూడు పట్టణములవారి నోట నేను వినుచున్న మాట యొక్కటే. లయన్సు క్లబ్బువారి నడిగినను, రోటరీవారి నడిగినను, “పనికి పిలిచిన పదిమంది వత్తురు, సభ్యులుగా చేరుడనిన నొక్కడును రాడు” అని వాపోవుచున్నారు. పెద్దలు దీనిని కాలదోషమని యెంచుచున్నారు. నాకు మాత్ర మీ మొఱవెనుక నొక చరిత్ర కలదని తోచినది. నేటి నా ప్రసంగమున కదియే విషయము.

సేవ మనకు క్రొత్త కాదు, సభ్యత్వము క్రొత్తది. సూర్యాపేట ప్రక్కనే పిల్లలమఱ్ఱి కలదు. అచ్చట కాకతీయులకు సామంతులైన రేచర్లవారు 13వ శతాబ్ది తొలినాళ్లలో గుడులు కట్టించి శాసనములు వేయించిరి. ఆ రాళ్లమీద దాత పేరుండును, అతని వంశముండును, దానము చెఱచినవానికి తగులు పాపము గూడ నుండును. తోడు వచ్చి మన్ను మోసినవాని పేరుండదు. పది రూకలు వేసి, పుస్తకములో చేవ్రాలు చేసి, నెలకొకసారి కూడి, ఏటి కొకసారి లెక్క చెప్పుకొను పద్ధతి మనవారికి 20వ శతాబ్దితోనే యలవడినది. దాత పేరు రాతిమీద నిలిచినది. సభ్యుని పేరు కాగితముమీద నిలువవలసివచ్చినది. కాగితమునకు చెదలు పట్టును గదా!

ఆ పద్ధతి యీ సీమలోని కెట్లు వచ్చినదో చూతము. కోదాడకును సూర్యాపేటకును నడుమ మునగాల పరగణా కలదు. నలువైపుల నిజాము రాజ్యమే యైనను అది కృష్ణా జిల్లాలో చేరి, చెన్నపురి ప్రభుత్వమునకు లోబడి, ఏటి నడుమ లంకవలె నుండెడిది. 1959లోగాని అది నల్లగొండ జిల్లాలో కలియలేదు. ఈ లంకకు నాయని వేంకట రంగారావుగారు జమీందారు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దివాను. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపు డీ మునగాలవారి చేయూతయే దానికి బలము. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టినప్పుడును వీరే ముందుండిరి. బస్సులో కోదాడ దాటి మునగాల మీదుగా పోవు ప్రయాణికులలో నీ సంగతి తలచువా రెందఱుందురో నే నెఱుఁగను. నేను మాత్ర మచ్చట కిటికీవైపు తిరుగుదును.

1921 నవంబరులో హైదరాబాదున ఆంధ్ర జనసంఘ మేర్పడినది. ఒక సభలో తెలుగున మాటాడ లేచిన వక్తను గేలిచేయగా, ఆ యవమానమునుండి పుట్టిన సంఘమది. రెండేండ్లలో నూళ్లలోని సంఘముల నన్నిటిని కూర్చి ఆంధ్ర జన కేంద్రసంఘముగా నిలిపిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము. వారు చేసిన పను లేవి? గ్రంథాలయములు, పాఠశాలలు, శాసనముల సేకరణ, వెట్టిచాకిరిని గూర్చియు, వర్తకుల బాధలను గూర్చియు కరపత్రములు. ఊరికి వచ్చిన యధికారి బసకు సరకులు సగము వెలకును, వెల లేకయు నిచ్చుకొన్న కోమటికి సంఘమన నేమో యొకరు చెప్పవలసిన పని లేకపోయెను. బీదవానికి వెట్టి, వర్తకునకు వెట్టి. ఇరువురికి నొక్క పట్టీలో పేరు. ఇట్లు సేవాసంఘములో చేరుట పరోపకారము మాత్రమే కాక స్వీయరక్షణ మయ్యెను. నేటి క్లబ్బులవారు గమనింపవలసిన మొదటి సంగతి యిది.

నిజాము రాష్ట్ర ఆంధ్ర గ్రంథాలయ మహాసభ మొదటిసారి 1925లో మధిరలో జరుగగా, రెండవసారి 1928లో మన సూర్యాపేటలోనే జరిగినది. వామన నాయకుగా రధ్యక్షులు. మహారాష్ట్రుడైన పెద్దమనిషి తెలుగు గ్రంథాలయముల సభ కధ్యక్షుడగుట యా దినముల యౌదార్యము. సభ యన్నమాట సులభముగా ననుచున్నాను గాని యా కాలమున సభ సులభము కాదు. గస్తీ నిషానీ 53 అను ప్రభుత్వపు టుత్తరువున్నది. ముందుగా ననుమతి పొందక బహిరంగసభ చేయరాదని దాని భావము. పుస్తకములు చదువుటకై కూడినను పోలీసువారి కనుమానమే. అట్టి వేళ నొక కిరాణాకొట్టు యజమానియో, బడిపంతులో గ్రంథాలయపు పట్టీలో పేరు వ్రాయుటయే యొక కార్యము. అటుపై నతడే పనియు చేయకున్నను సరే, ఆ చేవ్రాలే సేవ. సభ్యత్వమునకు విలువ చందావలన రాలేదు, దానివెంట నున్న సాహసమువలన వచ్చినది.

పిదప వచ్చిన ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన మొదలైనది. దాని యెనిమిదవ సమావేశము 1941లో, కోదాడకును హుజూరునగరమునకును నడుమనున్న చిలుకూరులో, రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతన జరిగినది. తాలూకా కేంద్రము గూడ కాని పల్లెలో నిట్టి సభ జరుగుట చిన్న విషయము కాదు. 1944లో భువనగిరి సమావేశమునకు మరల నారాయణరెడ్డిగారే యధ్యక్షులు. అప్పుడు సభ్యత్వపు రుసుము తగ్గించిరి. వకీళ్లును పట్టాదారులును ఉన్న సంఘములోనికి పాలేరులు, గొల్లలు, కౌలుదారులు వచ్చిరి. మితవాదులు వేఱైరి. పల్లెలో “సంఘము” అన్న నిక వేఱు మాట చేర్ప నక్కఱలేకపోయెను. రాజకీయముల నిచ్చట విచారింప నా యుద్దేశము కాదు. నేను చెప్పునది పట్టీని గూర్చి. రుసుము తగ్గినకొలది సభ్యులు పెరిగిరి. కాని రుసుము తగ్గుటవలననే పెరిగిరనుట తెలివితక్కువ. సంఘములో చేరినవాని పొలముమీదికి దొరమనుషులు వచ్చిన సంఘము తోడు నిలుచునను నమ్మకమువలన పెరిగిరి. 1946 చివర మహాసభ నిషిద్ధమైనది. సభ్యుల పట్టీ పరుల చేజిక్కుటయే ప్రాణాపాయమైన దినములు వచ్చినవి.

1948 సెప్టెంబరు తరువాత భయము తొలగినది. ఇక సభ్యులు వెల్లువవలె రావలెను గదా! రాలేదు. ఏల? 1955లో హైదరాబాదు పౌరగ్రంథాలయ శాసనము, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ శాసనము వచ్చినవి. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, జీతముగల గ్రంథపాలకుడు, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు సుంకము. మంచిపనియే; గ్రంథాలయోద్యమమువారు కోరిన దదియే. కాని యా దినమునుండి చందా సుంకమయ్యెను, సభ్యుడు పాఠకుడయ్యెను. తలుపు తీయుటకు, దీపము వెలిగించుటకు, చినిగిన పుస్తకమున కట్టవేయుటకు సర్కారు మనిషి యుండగా ఊరివారి కేమి పని? కోరిక నెఱవేరుటచేతనే సంఘము వాడిపోయెను. ఇది యెవరి తప్పును కాదు.

ఇప్పుడు క్లబ్బుల సంగతి. రోటరీ 1905లో, లయన్సు 1917లో చికాగో నగరమున పుట్టినవి. రోటరీ 1920 నాటికి కలకత్తా చేరినది. లయన్సు 1956లో బొంబాయికి వచ్చినది. మన సీమలో నిట్టివి నిలద్రొక్కుకొనుటకు నాగార్జునసాగరపు టెడమకాలువ తోడ్పడినదని నా యూహ. 1967 ఆగస్టులో కాలువకు నీరు వదలిరి. మిర్యాలగూడ, హుజూరునగరము, కోదాడ ప్రాంతముల మెట్టనేలలు మాగాణు లయ్యెను. మిల్లులు, ఎరువుల కొట్లు, నర్సింగుహోములు, బ్యాంకులు వచ్చినవి. చేతిలో నాలుగు రూకలును, సాయంకాలమున గంట తీరికయు గల క్రొత్త వర్గ మొకటి యేర్పడినది. క్లబ్బునకు గావలసినది వారే.

1925 జూనులో అమెరికాలోని లయన్సు మహాసభలో అంధురాలైన హెలెన్ కెల్లరు వారిని చూపులేనివారి పక్షమున నిలువుడని వేడినది. నాటినుండి కంటిపని లయన్సుకు ముఖ్యమైనది. పొలములో ఎండకు పనిచేసిన మన ముదుసలులకు శుక్లములు సామాన్యము. బడిగదులలో బల్లలు చేర్చి, పల్లెలనుండి ట్రాక్టరులమీద ముసలివారిని తెచ్చి నడిపిన నేత్రశిబిరములు పలువురకు జ్ఞాపకముండును. అటుపిమ్మట చరిత్ర తన పాత పాఠమునే మరల చదివినది. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వము “కంటి వెలుగు” ప్రారంభించినది. 2023 జనవరిలో రెండవ విడత ఖమ్మమునుండి నడిచినది. ఊరూర కన్ను చూచి కండ్లద్దము లుచితముగా నిచ్చిరి. గ్రంథాలయములకు 1960లో జరిగినదే శిబిరములకు నిప్పుడు జరిగినది. క్లబ్బు దారి చూపును, సర్కారు దారి వేయును, దారి చూపినవా డొంటరియగును.

అట్లని సేవాబుద్ధి తఱిగినదందురా? అనజాలను. 2016 ఆగస్టు 12 మొదలు 23 వఱకు కృష్ణా పుష్కరములు జరిగినపుడు మూసీ కృష్ణలో కలియు వాడపల్లిలోను, ఇటు మట్టపల్లిలోను పులిహోర పొట్లములు పంచినవారిని, ముదుసలుల చేయిపట్టి మెట్లు దింపినవారిని లెక్కపెట్ట నెవరి తరము? 2020 మార్చిలో దేశమంతయు మూతపడి కూలీలు పిల్లలను చంకబెట్టుకొని పెద్దబాటమీద నడచినపుడు, బాట ప్రక్కలనున్న యూళ్లవారు వండి పెట్టిరి. వారే పట్టీలోను లేరు. వాట్సాపులో నొక వార్త వచ్చిన గంటలో రక్తమిచ్చుటకు బయలుదేరు కుఱ్ఱ లిప్పుడు మనకు కలరు. 1928లో నిట్టి వేగము కలనైన లేదు.

ఇది మన యూళ్లకే పట్టిన జాడ్యమును కాదు. రాబర్ట్ పుట్నాము అను నమెరికా పండితుడు 2000లో వెలువరించిన గ్రంథమున నచ్చటి క్లబ్బులన్నియు దశాబ్దములుగా క్షీణించుచున్నవని చూపెను. టెలివిజనును, తరముల మార్పును కారణములుగా జెప్పెను. మన కందు సగమే వర్తించును. మన కారణ మింకొకటి కలదు: మిల్లు యజమాని కొడుకు హైదరాబాదుననో, అమెరికాలోనో యున్నాడు. ఆడువారి మాట వేఱు. 1987 వఱకు లయన్సుగాని రోటరీగాని స్త్రీలను సభ్యులుగా గైకొనలేదు. తలుపు తెఱచి యిన్నేండ్లైనను మన పట్టణముల సమావేశములలో ముందువరుస కుర్చీ లెవరివో చూచినవారికి తెలియును. ఊరిలో సగముమందిని పిలువక, సభ్యులు దొరకలేదనుట నాకు నవ్వు తెప్పించును.

ఐనను సభ్యుడు లేక సాగని పనులు కొన్ని కలవు. ఈ పట్టణములలోని యొకదానిలో నొక క్లబ్బు సంవత్సరాంత సమావేశమునకు నేను పోతిని. కార్యదర్శి పట్టీ చదివెను. కొందఱు కాలముచేసిరి, కొందఱు పిల్లలవద్దకు పోయిరి, కొందఱు చందా కట్టి మొగము చూపనివారు. మెలగువారు వ్రేళ్లకు సరిపోదురు. అచ్చట పెద్దచర్చ యంతయు నొక ఫ్రీజరు పెట్టెను గూర్చియే. దూరమునుండి పిల్లలు వచ్చువఱకు శవము నుంచుటకై బాడుగ లేక క్లబ్బువా రిచ్చు పెట్టె యది. పిల్లలు పరదేశముల కేగిన యూళ్లలో దాని యక్కఱ నానాట హెచ్చుచున్నది. దాని మర, మఱమ్మతు, ఒక యింటినుండి మఱియొక యింటికి మోయించుట, వచ్చినపిదప కడిగించుట, ఇవి యొక్క పూట యుత్సాహముతో తీఱునవి కావు. అర్ధరాత్రి ఫోను వచ్చిన లేచి తలుపు తీయు నొకడు పండ్రెండు నెలలును ఊరిలో నుండవలెను. ఇన్నాళ్లును తాళపుచెవి యుంచుకొన్న మందులషాపు పెద్దాయనకు మోకాళ్లు పట్టినవి. తరువాత నెవరు పుచ్చుకొందురని కార్యదర్శి యడుగగా కొంతసే పెవరును పలుకలేదు. వెనుకవరుసలో తండ్రివెంట వచ్చి కూర్చున్న బ్యాంకు ఉద్యోగిని యొకతె, సభ్యురాలు కాదు, తమ యిల్లు ఆ గదికి రెండిళ్ల యవతలనే యని చెప్పి, సభ్యులు కానివారికి తాళ మియ్యవచ్చునా యని యడిగినది. నియమావళి తెచ్చి చూచుచుండగా నా బస్సు వేళయైనది.